పిండితే కూసే పిచ్చుక

మా వదిన ఇప్పటిదాకా తీసిన రక్తమంతా ఒకచోట పోస్తే మా వీధి చివరి నీళ్ల ట్యాంకు నిండి, పైనుంచి పొర్లి, కింద నిలబెట్టిన బళ్లన్నీ తడిసిపోతాయి. నమ్మనివాళ్లు లెక్క వేసుకోవచ్చు. పదహారేళ్లు, రోజుకు డెబ్బై మంది, మనిషికి రెండు చెంచాల చొప్పున. నేను వేశాను. వీధి ట్యాంకు నిండలేదు గానీ మా మేడ మీది ట్యాంకు మూడుసార్లు నిండి ఇంకా కొంచెం మిగిలింది. కథ చెప్పేవాడికి ఆ మాత్రం తేడా చెల్లుతుంది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. పంతొమ్మిది శాఖలున్న ఒక ల్యాబులో, పెద్ద శాఖ రెండో అంతస్తులో, కిటికీ లేని మొదటి గదిలో ఆవిడ ఉద్యోగం. గదిలో ఉన్నవి ఒక బల్ల, ఒక చెత్తడబ్బా, చెయ్యి ఆనించుకోవడానికి అడ్డచెక్క ఉన్న ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునేది వచ్చినవాళ్లు, వదిన పొద్దున ఆరున్నర నుంచీ నిలబడే ఉంటుంది. అయినా అందరూ దాన్ని వదిన కుర్చీ అనే అంటారు.

నరం దొరకని చేతులని కొన్ని ఉంటాయి. బొద్దు చేతులు, ముసలి చేతులు, భయంతో చల్లబడిపోయిన చేతులు. అలాంటివాళ్లు కౌంటరు దగ్గరే మొదటి గది ఆవిడ వచ్చిందా అని అడిగి, రాలేదంటే రేపొస్తామని వెళ్లిపోతారు. వదిన మోచేతి మడతను వేలి కొనతో తడుముతుంది తప్ప దాని వంక చూడదు, చూపంతా మనిషి ముఖం మీదే ఉంటుంది. ఆవిడ ఆ గది గోడను తడిమినా అందులోంచి ఒక గొట్టం నింపగలదని నేను పందెం కాస్తాను.

ఈ విద్య నాకు తెలియనిదేమీ కాదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఇరవై మూడు రోజులు చదివాను. ఇరవై నాలుగో రోజు మాస్టారు పాఠం కోసం నా చేతిలోనే సూది దించారు. నేను కళ్లు తిరిగి పడిపోయానని మా అన్నయ్య ఊరంతా చెప్పుకొచ్చాడు. నేను పడలేదు. బల్ల కింద ఏముందో చూద్దామని వంగాను, లేవడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత రబ్బరు అచ్చుల పనిలో చేరాను. సీసాల బిరడాలు, కుర్చీకాళ్ల తొడుగులు, బళ్ల పెడల్ రబ్బర్లు, ఏది కావాలన్నా అచ్చు నా చేతిలోనే తయారవ్వాలి. ఈ ఊళ్లో కుర్చీలు కిర్రుమనకుండా జరుగుతున్నాయంటే అది నా పుణ్యమే.

కోర్సు వదిలేసినా ఆసక్తి నన్ను వదల్లేదు. ముఖ్యంగా ఆ గొట్టాలు. వేలెడంత గాజులాంటి గొట్టం, దానికో రంగు మూత. సూది నరంలో కుదిరాక గొట్టాన్ని వెనకనుంచి లోపలికి నెడితే చాలు, ఎవరూ లాగకుండానే రక్తం దూకి, కొలిచినట్టు సరిగ్గా గీత దగ్గర ఆగిపోతుంది. అందులో కనపడని మోటారేదో ఉందని నేను చాలాకాలం నమ్మాను. ఒకరోజు లోపల ఏం పెట్టారని వదినను అడిగితే ఏమీ పెట్టలేదు, ఉన్న గాలి కూడా చాలావరకు తీసేశారు, అందుకే లాగుతుంది అంది. లోపల ఏమీ లేదని మా నాన్న నా తల గురించి కూడా అనేవాడు. అది ఇంత పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మూతల రంగులకూ అర్థముంది. ఊదారంగు మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. పసుపు మూతది గడ్డకట్టడానికే. గడ్డ అడుక్కి దిగి, పైన పసుపుపచ్చటి తేట నిలుస్తుంది. పొటాషియంలాంటి ఉప్పులూ, కాల్షియమనే సున్నమూ కొలిచేది ఆ తేటలోనే. ఏ గొట్టం ముందు, ఏది వెనక అన్నదానికి ఒక వరస ఉంది. ఊదారంగు మందు పసుపు గొట్టంలోకి రవ్వంత పాకినా కొలతలన్నీ తలకిందులవుతాయి. వదిన నిద్రలో కూడా ఆ వరస తప్పదని మా అన్నయ్య అంటాడు. నిద్రలో ఆయన చెయ్యి పట్టుకుని నరం వెతుకుతుందట.

ఇక పిచ్చుక సంగతికి వస్తాను.

చెయ్యి చాపి కూర్చున్నవాళ్లకు పిడికిలి ఏం చేసుకోవాలో తెలియదు. కొందరు గోళ్లతో అరచెయ్యి గీరుకుంటారు, కొందరు వదిన చీర పట్టుకుంటారు. అందుకని ఆవిడ ఒక పాత మేజోడులో స్పాంజి కుక్కి, మూతి కుట్టి, పట్టుకోమని ఇవ్వడం మొదలుపెట్టింది. నరం కూడా బాగా పైకి తేలుతోందని మురిసిపోయింది. నేను ఆ మేజోడును చూశాను. చూశాక నిద్ర పట్టలేదు. నాలాంటి అచ్చు పనివాడు ఇంట్లో ఉండగా వదిన రోగుల చేతుల్లో మేజోడు పెట్టడమా అని వారం తిరక్కుండా రబ్బరు పిచ్చుకను చేసి తెచ్చాను. గుప్పిట్లో సరిపోయే ఒళ్లు, నాలుగు వేళ్లకు నాలుగు పల్లాలు, తోకలో సన్నటి ఈల. పిండితే కూస్తుంది, వదిలితే మళ్లీ గాలి పీల్చుకుంటుంది. ఆ ఈల నా సొంత తెలివి.

మేజోడును రెండుసార్లు నొక్కి ఊరుకునేవాళ్లు పిచ్చుకను వదిలిపెట్టలేదు. పిల్లలు సరే, పెద్దపెద్ద మీసాలవాళ్లు కూడా సూది దిగుతోంటే దాన్ని కూయిస్తూ కూర్చున్నారు. మొదటి గది ముందు క్యూ మెట్ల దాకా పాకింది. ఒకరోజు ల్యాబు యజమాని ఆ కూతలు విని లోపలికి వచ్చి, పిచ్చుకను తానూ నాలుగుసార్లు పిండి, అన్ని శాఖలకూ కలిపి వంద కావాలన్నాడు. పొట్ట కింద వదిన పేరు అచ్చు వేయమని కూడా ఆయనే చెప్పాడు. పదహారేళ్లుగా రిపోర్టు మీద డాక్టరమ్మ సంతకం, గోడ మీద యజమాని ఫొటో తప్ప వదిన పేరు ఆ మేడలో ఎక్కడా కనపడలేదు. వంద పిచ్చుకలకూ నేనే అచ్చు పోశాను. పేరులో ఒక్క కొమ్ము కూడా చెదరలేదు.

అప్పుడు వచ్చాడు బస్సు డ్రైవరు.

ఆయనకు పొత్తికడుపులో పేగు జారింది, ఆపరేషను చేయాలి. దానికి ముందు పరీక్షలు రాశారు. భార్యను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు, ఆవిడకు ఎప్పుడూ చేయించే పరీక్షలేవో ఉన్నాయి. ఇద్దరికీ వదినే తీసింది. సాయంత్రం రిపోర్టులో డ్రైవరు గారి పొటాషియం ఆరు పాయింట్ ఒకటి. అయిదు దాటితేనే కళ్లజోడు సర్దుకుంటారు, ఆరు దాటితే గుండె ఆగుతుందేమోనని పరుగెత్తిస్తారు. ఆయన్ను అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ మళ్లీ తీసి చూస్తే నాలుగు పాయింట్ రెండు. అంతా బాగానే ఉందని ఇంటికి పంపారు గానీ, ఆపరేషను చేసే డాక్టరు ఈ తేడా ఏమిటో తేలాలని వాయిదా వేశాడు. వారం తర్వాత డ్రైవరు మళ్లీ వదిన కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ ఆరు. మళ్లీ వాయిదా. ఆ పదిహేను రోజుల్లోనే ఇంకో ఇద్దరికి ఇలాగే జరిగింది.

రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టరమ్మ ఒక్కొక్కటే వెతుక్కుంటూ వచ్చింది. సన్నసూదితో బలవంతంగా లాగితే రక్తకణాలు పగిలి పొటాషియం పెరుగుతుంది. కానీ అప్పుడు తేట గులాబీరంగులోకి తిరగాలి. ఈ గొట్టాల్లో తేట శుభ్రంగా ఉంది. ఊదారంగు మందు పాకిందా అంటే, అది పాకితే సున్నం పడిపోవాలి. సున్నం చెక్కుచెదరలేదు. యంత్రం తప్పా అంటే, విలువ ముందే తెలిసిన నమూనాలు పెడితే సరిగ్గా చూపించింది. పైగా పక్క గదిలో తీసిన ఒక్క రక్తానికి కూడా ఈ జబ్బు రాలేదు. ముగ్గురూ వదిన కుర్చీలో కూర్చున్నవాళ్లే.

డాక్టరమ్మ ఇష్టం లేకుండానే చెప్పింది. శనివారం దాకా చూస్తాను, కారణం తేలకపోతే సోమవారం నుంచి మీరు కౌంటరులో చీటీలు అంటించండి, సూది పట్టుకోవద్దు, అని.

ఆ మంగళవారం వదిన ఇంటికి వచ్చి ఏడుస్తుందని అన్నయ్య, అలిగి పడుకుంటుందని నేను అనుకున్నాం. ఆవిడ చేతులు కడుక్కుని, నోటుపుస్తకం తీసి, ఆ పదిహేను రోజుల్లో కుర్చీలో కూర్చున్నవాళ్ల జాబితా రాయడం మొదలుపెట్టింది. ఎవరికి ఏ చెయ్యి, నరం తేలడానికి మోచేతి పైన బిగించే పట్టీ ఎంతసేపు కట్టింది, ఎవరు మాట్లాడారు, ఎవరు కళ్లు మూసుకున్నారు. సినిమా టికెట్టు ఎక్కడ పెట్టిందో గుర్తులేని మనిషికి చేతులన్నీ గుర్తున్నాయి.

"నాకొకటి అర్థం కావట్లేదు," అంది జాబితా వంక చూస్తూ. "డ్రైవరు గారు లేచిన వెంటనే అదే కుర్చీలో వాళ్లావిడ కూర్చుంది. నా చెయ్యి అదే, సూదుల పెట్టె అదే, గొట్టాలు అవే. ఆయనకు ఆరు, ఆవిడకు నాలుగు. నా చెయ్యి అయిదు నిమిషాల్లో బాగుపడిందా?"

"ఆయన బస్సు నడుపుతాడు వదినా, ఆవిడ నడపదు," అన్నాను.

"నువ్వు చదువు మానేసి మంచి పని చేశావు మరిదీ," అంది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను బండి తీయమని డ్రైవరు గారింటికి బయల్దేరింది. ఆయన వదినను చూడగానే లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ చేత్తో నాకు ఇంకోసారి సూది వేయించుకోను, ఉన్న మనిషిని రెండుసార్లు చచ్చినట్టు రాశారు, అని తలుపు అవతలినుంచే వినిపించాడు. భార్య మాత్రం కుర్చీలు జరిపి కూర్చోబెట్టింది. ఆవిడకు చెవులు దాదాపు వినపడవు. వదిన దగ్గరగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా అడిగింది, ఆ రోజు కుర్చీలో కూర్చున్నాక ఏం చేశారో మొత్తం చెప్పమని.

ఆవిడ చెయ్యి చాపి చూపించింది. పట్టీ కట్టారు, బొమ్మ ఇచ్చారు, పట్టుకున్నాను, ఒకసారి నొక్కాను, బల్ల మీద పెట్టేశాను, అంది.

"ఎందుకు పెట్టేశారు పిన్నిగారూ? అందరూ దాన్ని వదలరు కదా."

"నొక్కితే ఏముంది అమ్మాయ్ అందులో? మెత్తగా ఉంది, అంతే. ఈయన మాత్రం నా ముందు చంటిపిల్లాడిలా ఒకటే పిండటం. ఎందుకో నాకు తెలియలా."

"కూస్తుందని."

ఆవిడ వదిన పెదవుల వంక ఇంకోసారి చూసింది. "అది కూస్తుందా?" అంది.

 వదిన లేచి, లోపలి తలుపు దగ్గరికి వెళ్లి, డ్రైవరు గారూ, ఆ పిచ్చుకను ఎన్నిసార్లు పిండారు, అని మాత్రం అడిగింది. లోపలినుంచి జవాబు వచ్చింది. ఎవరు లెక్కపెట్టారు, హారను కొట్టినట్టు కొట్టాను, మీరు చాలనేదాకా కొడుతూనే ఉన్నాను, అని.

 ఇంటికి వస్తూ మా వీధి మలుపులో వదిన, రేపు ఏమీ తినకుండా ఆరింటికి ల్యాబుకు రమ్మంది. ఎందుకో నాకు తెలుసు. నేను సింహంలా వెళ్లాను. సింహానికి కూడా సూదంటే ఇష్టం ఉండదు కాబట్టి కళ్లు మూసుకున్నాను.

ముందు ఎడమచెయ్యి. పట్టీ కట్టి, వేళ్లు వదులుగా పెట్టమని, పసుపు గొట్టం ఒకటి నింపింది. తర్వాత కుడిచెయ్యి. అదే పట్టీ, కానీ ఈసారి గుప్పిట్లో పిచ్చుక. ఆపకుండా నలభైసార్లు కూయించమంది. ఇరవై అయిదుకే ముంజెయ్యి మండింది, నలభైకి పిచ్చుకకే నా మీద జాలేసి ఉంటుంది. ఆ గది తెల్లగోడల మధ్య ఆ కూతలు ఒక అడవికి సరిపోయాయి. యంత్రం నడిపే అతను తెలిసిన నమూనాలతో పాటు నావీ పెట్టాడు. గడ్డకట్టడానికి అరగంట, గొట్టాలను గిర్రున తిప్పి తేట విడదీయడానికి పది నిమిషాలు, చదవడానికి ఒక్క నిమిషం. ఎడమచెయ్యి నాలుగు పాయింట్ ఒకటి. కుడిచెయ్యి అయిదు పాయింట్ ఏడు.

ఒకే మనిషి, ఒకే గుండె, రెండు చేతులకు రెండు రక్తాలు. నాలో ఇద్దరు మనుషులున్నారని నాకు ముందే అనుమానం, కానీ ఇలా రుజువవుతుందని అనుకోలేదు.

వదిన ఆ కాగితం చూసి నాకు విడమరిచి చెప్పింది. కండరం పని చేస్తే దానిలోని పొటాషియం కొంత రక్తంలోకి వస్తుందట. మామూలుగా అయితే ఒంట్లో కలిసి సర్దుకుపోతుంది. పైన పట్టీ బిగించి ఉంటే ఎక్కడికీ పోలేక అక్కడే పోగవుతుంది. సూది సరిగ్గా అక్కడే ఉంది.

పిచ్చుక సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదని నేను అన్నాను. యంత్రం మీదకు నెట్టమన్నాను, గొట్టాల పెట్టె మీదకు నెట్టమన్నాను, చివరికి డ్రైవరు మీదకు నెట్టమన్నాను. వంద పిచ్చుకలు సంచిలో ఉన్నాయి, పొట్టల మీద పేరుంది, ఈల తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను.

"మేజోడు రోజుల్లో కూడా కొందరికి అయిదుకు పైన వచ్చేది," అంది వదిన. "కొంచెమే కదా అని నేను పట్టించుకోలేదు. ఈల దాన్ని పెంచి చూపించింది, అంతే. యంత్రం మీదకు నెడితే ఆ డ్రైవరు గారి ఆపరేషను మూడోసారి ఆగుతుంది. పేగు జారిన మనిషి ఎన్నాళ్లు ఆగుతాడు?"

 

శనివారం యజమాని కొత్త చొక్కాతో వచ్చాడు. పిచ్చుకల పంపిణీ మొదలుపెట్టే రోజు కాబట్టి ఫొటో తీయించుకుందామని ఆయన ఆలోచన. తానే కుర్చీలో కూర్చుని, పిచ్చుక చేత్తో పట్టుకుని, వదిన పక్కన నిలబడాలి. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి వదిన వంకే చూస్తోంది, ఆవిడకు కావాల్సింది కారణం. వదిన చెప్పొచ్చు, నా కాగితం చూపించొచ్చు. కానీ మరిది రక్తాన్ని ఎవరు నమ్ముతారు?

"ఊరికే ఫొటో ఎందుకు సార్, నిజంగానే తీస్తాను," అంది.

యజమాని కాస్త కంగారుపడ్డాడు గానీ అందరి ముందూ వద్దనలేకపోయాడు. వదిన ఎడమచేత్తో మొదలుపెట్టింది, వేళ్లు వదులుగా. కుడిచేతికి వచ్చేసరికి పిచ్చుక ఇచ్చి, ఇప్పుడు ఫొటో తీసుకోండి, చక్కగా కూయించండి, నేను ఆపమనేదాకా ఆపొద్దు, అంది. ఆయన చాలా చక్కగా కూయించాడు. ఫొటోలో ముఖం నిజంగానే వెలిగిపోయింది.

అరగంట పైన కాస్సేపు ఆగి కాగితం వచ్చింది. ఎడమచెయ్యి నాలుగు పాయింట్ నాలుగు, కుడిచెయ్యి అయిదు పాయింట్ ఎనిమిది. యజమాని ఆ రెండో అంకె చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనకేమవుతోందని డాక్టరమ్మను అడిగాడు. ఏ అంబులెన్సు పిలవాలో కూడా అడిగాడు, తన ల్యాబుకు ఉన్నది ఒక్కటే అంబులెన్సని మరిచిపోయి.

డాక్టరమ్మ రెండు అంకెలనూ, బల్ల మీది పిచ్చుకనూ మార్చి మార్చి చూసింది. ఆవిడకు మాటలతో చెప్పాల్సిన అవసరం రాలేదు. యజమానిని ఇంటికెళ్లి టిఫిను చేయమంది.

"పాపం మీ చేతిని అనుమానించాను," అంది వదినతో.

"అనుమానించాల్సిందే మేడమ్. బొమ్మ ఇచ్చింది ఈ చెయ్యే కదా," అంది వదిన. ఆ మాట తనను తాను తిట్టుకున్నట్టు లేదు, గొట్టం మీద చీటీ అంటించినట్టు ఉంది.

పంపిణీ ఆగిపోయింది. పేరు గీకేసి పిచ్చుకలను మామూలు బొమ్మలుగా అమ్ముకుందామని యజమాని అంటే, పేరు గీకేది నేను కాబట్టి సరేనన్నాను. వందకు వందా ఒక్క మధ్యాహ్నంలో గీకేశాను. ఈ ఊళ్లో ఇంత వేగంగా ఒక పేరు చెరిపినవాడు ఇంకొకడు లేడు. వదిన మాత్రం ఒక్కటి కూడా ఉంచుకోలేదు.

సోమవారం డాక్టరమ్మ ఫోను చేస్తే డ్రైవరు వచ్చాడు. మొదట పక్క గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వదిన బయటికి వెళ్లి, తప్పు తన బొమ్మదేనని, ఆ బొమ్మ వల్లే ఆయన్ను రెండుసార్లు ఆపారని, ఇష్టమైతే పక్క గదిలోనే తీయించుకోమని, ఎవరు తీసినా పిడికిలి మాత్రం బిగించొద్దని చెప్పింది.  ఆయన వచ్చి వదిన కుర్చీలోనే కూర్చున్నాడు.

పట్టీ కట్టగానే, ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన ఆ చెయ్యి దానంతట అదే ముడుచుకుంది. వదిన పట్టీ విప్పేసింది. వేళ్లు ఒక్కొక్కటే తెరిచి, చెక్క మీద అరచెయ్యి వెల్లకిలా పరిచి, వేడినీళ్ల సంచి ఆనించి మూడు నిమిషాలు ఆగింది. క్యూలోవాళ్లు సణిగారు. నరం ఇదివరకులా ఉబ్బి కనపడలేదు. వదిన మళ్లీ పట్టీ కట్టి, వేలి కొనతో వెతికి పట్టుకుంది. సూది దిగగానే పట్టీ వదులు చేసింది. గొట్టం నిండింది.

యంత్రం చదివేదాకా డ్రైవరు మెట్ల మీద కూర్చునే ఉన్నాడు. నాలుగు పాయింట్ మూడు. వదినే కాగితం తెచ్చి ఇచ్చింది. ఆయన పాత రిపోర్టు కూడా జేబులోంచి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇందులో ఏది నా రక్తం అమ్మా?" అన్నాడు.

"రెండూ మీవే. అప్పుడు చెయ్యి పనిలో ఉంది, ఇప్పుడు ఖాళీగా ఉంది."

ఆయన పాతది చింపబోయి, ఎందుకో ఆగి, రెండింటినీ కలిపి మడిచి జేబులో పెట్టుకుని, ఆపరేషను తేదీ అడగడానికి కిందికి దిగాడు. వదిన గదిలోకి వెళ్లి తర్వాతి నంబరు పిలిచింది.